మెదడులో నాలుగు మచ్చలు: రేడియేషన్ మొత్తం తలకా, మచ్చల వరకేనా?

వానచినుకు

అమ్మకి ఊపిరితిత్తుల క్యాన్సర్, అడినోకార్సినోమా రకం. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే జారిపోతోందని తలకి ఎమ్మారై తీయించాం. మెదడులో నాలుగు మచ్చలు, అంటే క్యాన్సర్ అక్కడికీ పాకింది. పెద్దది 2.2 సెంటీమీటర్లు, చుట్టూ వాపు ఉంది. మిగతా మూడూ సెంటీమీటరు లోపే. స్టెరాయిడ్ మొదలుపెట్టాక తలనొప్పి తగ్గింది, చెయ్యి కూడా కాస్త మెరుగు.

గొడవ ఇక్కడే. ఒక రేడియేషన్ డాక్టరు మొత్తం తలకి పది సిట్టింగులు అన్నారు, కంటికి కనపడనివి కూడా చస్తాయట. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే అక్కడాయన తల మొత్తానికి ఎందుకు, మచ్చలకి గురిపెట్టి కొడితే చాలు అన్నారు. ఇద్దరూ చూసింది ఒకే స్కాన్. ఇద్దరూ అంతే ధీమాగా చెప్పారు. చివర్లో ఇద్దరూ "ఆలోచించుకుని చెప్పండి, నిర్ణయం మీదే" అన్నారు. నేను చదివింది కామర్స్. ఇందులో నా నిర్ణయం ఏంటండీ?

చింతచెట్టు

మా మామయ్యకి మొత్తం తలకే పెట్టారు కరెంటు. జుట్టంతా పోయింది, కొన్ని నెలలకి మళ్ళీ వచ్చింది. దాని గురించి బెంగ పెట్టుకోలేదు. మనిషే మందగించాడు. చెప్పిందే చెప్పేవాడు, మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండేది కాదు. అలాగని ఫిట్స్ మళ్ళీ రాలేదు, చివరిదాకా తన కాళ్ళ మీద తను నడిచాడు. మంచా చెడా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

పాతకాపు

ఇందులో అంత ఆలోచించేదేముంది? నాలుగు కనపడ్డాయంటే కనపడనివి ఇంకెన్నో ఉంటాయి. కనపడ్డవాటినే కొట్టి ఇంటికి పంపిస్తే కొన్ని నెలల్లో కొత్తవి తేలతాయి. మా అన్నయ్యకి అచ్చం అలాగే అయింది.

సుజన_ఆర్

@పాతకాపు, కొత్తవి వచ్చినప్పుడు ఏం చేశారు మరి?

పాతకాపు

వాటికీ గురిపెట్టి ఇచ్చారు. ఆ తర్వాత మళ్ళీ వస్తే అప్పుడు మొత్తం తలకి.

సుజన_ఆర్

అంటే మొత్తం తల అనేదాన్ని చేతిలో ఉంచుకుని అవసరం పడ్డాక వాడారు. అందులో నష్టపోయిందేంటి?

పాతకాపు

ప్రతి స్కాన్‌కీ ముందు రోజు ఇంట్లో ఒక్కరికీ నిద్ర పట్టేది కాదు. ఆ లెక్క మీకు ఏ స్టడీలోనూ దొరకదు.

రేడియేషన్_రెసిడెంట్

నేను ఈ బ్రాంచిలోనే ఉన్నా. అమ్మగారి రిపోర్టులు చూడకుండా ఇది చెయ్యండి అని చెప్పను, ఎలా ఆలోచిస్తారో మాత్రం చెప్తా.

పాతకాపు గారి భయంలో నిజం ఉంది. 2016లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో ఒకటి నుంచి మూడు మచ్చలున్న 213 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మచ్చలకి మాత్రమే, రెండో గుంపుకి దానితోపాటు మొత్తం మెదడుకీ రేడియేషన్. మూడు నెలల దగ్గర చూస్తే మొత్తం మెదడుకి ఇచ్చినవాళ్ళలో తలలో జబ్బు అదుపులో ఉన్నవాళ్ళు 93.7 శాతం, ఇవ్వనివాళ్ళలో 75.3 శాతం. అంటే కొత్తవి రావడం తగ్గిన మాట వాస్తవం. కానీ ఎంతకాలం బతికారన్న దాంట్లో తేడా తేలలేదు. 2006లో జపాన్‌లో 132 మంది మీద చేసిన స్టడీలోనూ ఇదే మాట. ఎందుకంటే చాలామందిలో ప్రాణం తీసేది ఒంట్లో మిగతా చోట్ల ఉన్న జబ్బు. పైగా తలలో కొత్తవి వస్తే మళ్ళీ కొట్టడానికి దారి ఉంది.

దానికి చెల్లించేది జ్ఞాపకశక్తితో. అదే 213 మందిలో మూడు నెలలకి జ్ఞాపకం, మాట తడుముకోవడం లాంటి పరీక్షల్లో వెనకపడ్డవాళ్ళు మొత్తం మెదడుకీ ఇచ్చిన గుంపులో 91.7 శాతం, మచ్చలకే ఇచ్చిన గుంపులో 63.5 శాతం. అందుకే ఇప్పుడు నాలుగు మచ్చల వరకు, మనిషి లేచి తిరిగే స్థితిలో ఉంటే, గురిపెట్టి కొట్టడమే మొదటి మాట.

కానీ వానచినుకు గారూ, నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. జీన్ టెస్టు రిపోర్టు ఏమైంది? ఈజీఎఫ్ఆర్, ఆల్క్ లాంటి జీన్లలో మార్పు ఉందా అని చూసేది. మీ పోస్టులో ఆ ఊసే లేదు.

వానచినుకు

పంపించారు, ఇంకా రాలేదు. అది ఊపిరితిత్తుల మందుకి సంబంధించింది కదా అని రాయలేదు.

రేడియేషన్_రెసిడెంట్

మెదడుకీ సంబంధం ఉంది. కొన్ని మాత్రలు మెదడులోకి బాగా చేరతాయి. రిపోర్టు పాజిటివ్ వస్తే లెక్క మొత్తం మారిపోవచ్చు. లక్షణాలు ముదరకుండా స్టెరాయిడ్‌తో ఆగుతున్నాయంటే ఆ రిపోర్టు కోసం కొద్ది రోజులు ఆగొచ్చా అని మీ డాక్టర్ని సూటిగా అడగండి.

లెక్కలమాష్టారు

91.7 అని భయపెట్టి 63.5ని మెల్లగా దాటించేశారు. మచ్చలకే ఇచ్చినా మూడింట రెండొంతుల మందికి దగ్గర దగ్గర తగ్గిందన్నమాటేగా? ఇదేం గొప్ప?

రేడియేషన్_రెసిడెంట్

సరైన ప్రశ్నే. ఆ స్టడీలో కొలత చాలా కఠినం. పెట్టిన పరీక్షల్లో ఏ ఒక్క దాంట్లో ఒక మోస్తరు తగ్గినా "వెనకపడ్డారు" కిందే రాసుకున్నారు. జబ్బు, కీమో, స్టెరాయిడ్, ఫిట్స్ మందు, నిద్రలేమి, అన్నీ కలిసి ఆ 63.5. రెండు గుంపులకీ అవన్నీ ఉన్నాయి కాబట్టి మధ్యలో మిగిలిన తేడా రేడియేషన్ పద్ధతిది. మీరు చూడాల్సింది ఆ తేడా.

లెక్కలమాష్టారు

ఇలా చెప్తే అర్థమైంది. మొదటి పోస్టులోనే ఇలా రాయొచ్చుగా.

మొండిఘటం

నేనే పేషెంటుని. రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్. మెదడులో ఏడు. అవును, ఏడు. నాకూ మొదట మొత్తం తలకే అన్నారు, "నాలుగు దాటితే అంతే" అని. ఇంకో చోట అడిగితే లెక్క కాదమ్మా, అన్నీ కలిపి ఎంత జాగా తిన్నాయో చూస్తాం అన్నారు. నావన్నీ కలిపినా కొంచెమే. ఏడింటికీ గురిపెట్టి ఇచ్చేశారు.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి రాస్తా. చాలా నెలల తర్వాత స్కాన్‌లో ఒక మచ్చ పెరిగినట్టు కనిపించింది. కాలు ఈడుస్తున్నా. ఇంట్లో అందరూ జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నారు. తీరా చూస్తే జబ్బు కాదు, రేడియేషన్ తిన్నచోట కణజాలం చచ్చి వాచింది. మామూలు ఎమ్మారైలో రెండూ ఒకేలా ఉంటాయట. పెర్ఫ్యూజన్ అని ఇంకో రకం స్కాన్ తీసి తేల్చారు. స్టెరాయిడ్ ఇచ్చారు, సరిపోలేదు, తర్వాత బెవాసిజుమాబ్ అనే మందు ఎక్కించారు. కాలు దారికొచ్చింది. గురిపెట్టి కొట్టడం అంటే సైడ్ ఎఫెక్టే లేనట్టు మాట్లాడేవాళ్ళకి ఇది తెలియాలి. అయినా మళ్ళీ అడిగినా అదే ఎంచుకుంటా, ఎందుకంటే ఈ పోస్టు నేనే టైపు చేస్తున్నా, ఎవరూ దిద్దలేదు.

చింతచెట్టు

దిద్దనక్కర్లేదండీ, మాకంటే మీకే అచ్చుతప్పులు తక్కువ.

రేడియేషన్_రెసిడెంట్

@మొండిఘటం చెప్పిన "లెక్క కాదు, జాగా" అన్నది 2014లో వచ్చిన జపాన్ స్టడీ తర్వాత బాగా బలపడింది. 1194 మంది, అందరికీ గామా నైఫ్ అనే మిషనుతో మచ్చలకి గురిపెట్టి కొట్టడం ఒక్కటే. అయిదు నుంచి పది మచ్చలున్నవాళ్ళు రెండు నుంచి నాలుగు ఉన్నవాళ్ళ కంటే ముందు చనిపోలేదు. అయితే అందులో షరతులున్నాయి, అన్నీ కలిపి 15 మిల్లీలీటర్లు మించకూడదు, పెద్దది 10 మిల్లీలీటర్ల లోపు ఉండాలి. మనిషి ఓపిక కూడా చూశారు. అందుకే "పదున్నా పర్లేదంట" అని అందరికీ చెప్పెయ్యడం కుదరదు.

కణజాలం చచ్చే సమస్య మచ్చ సైజు పెరిగేకొద్దీ ఎక్కువ. అందుకే డోసు సైజుని బట్టి దిగుతుంది. ఒకే సిట్టింగులో అయితే 2 సెంటీమీటర్ల లోపు మచ్చకి 24 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాకా, 2 నుంచి 3 మధ్య 18, 3 నుంచి 4 మధ్య 15. పాత అమెరికా స్టడీలో తేల్చిన పై హద్దులు ఇవి, ఇప్పటికీ వీటిచుట్టూనే తిరుగుతాం. పెద్దవాటికి ఒకేసారి కాకుండా 27 గ్రేని మూడు సిట్టింగులుగానో, 30ని అయిదుగానో విడగొట్టడం ఇప్పుడు మామూలైంది. అమ్మగారి 2.2ది సరిగ్గా ఈ గట్టు మీద ఉంది, అడగాల్సిన విషయమే.

పాతకాపు

అన్నీ మచ్చలకే కొట్టమనేవాళ్ళ వైపే చెప్తున్నారు. మొత్తం తలకి ఇవ్వడం అంత పాపమైతే ఇంకా ఎందుకు ఇస్తున్నారు?

రేడియేషన్_రెసిడెంట్

పాపం కాదండీ, నేను వారానికి చాలామందికి ఇస్తున్నా. లెక్కపెట్టలేనన్ని మచ్చలుంటే అదే దారి. మెదడు పొరల్లోకి, చుట్టూ ఉండే నీటిలోకి కణాలు పాకితే గురిపెట్టడానికి గురే ఉండదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్మాల్ సెల్ అనే రకానికి ఇప్పటికీ చాలాచోట్ల మొదట అదే. రెండు మూడు నెలలకోసారి ఎమ్మారైకి రాలేని మనిషైతే మీరన్నదే నయం, ఎందుకంటే గురిపెట్టే పద్ధతి మొత్తం ఆ స్కాన్ల మీదే నిలబడింది.

మొత్తం తలకి ఇచ్చే పద్ధతి కూడా ఉన్నచోటే లేదు. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం మెదడుకి రెండు వైపులా ఉంటుంది. దాన్ని తప్పించి మిగతా మెదడుకి ఇస్తూ, మెమాంటిన్ అనే మతిమరుపు మాత్ర కలిపితే ఆలోచనాశక్తి దెబ్బతినడం తగ్గుతుందని 518 మంది మీద చేసిన స్టడీ 2020లో వచ్చింది. మచ్చ హిప్పోక్యాంపస్ పక్కనే ఉంటే మాత్రం ఇది కుదరదు. చింతచెట్టు గారి మామయ్యకి బహుశా ఆ రోజుల్లో ఇది లేదు.

చింతచెట్టు

లేదు. ఉన్నా మాకు అడగాలని తెలిసేది కాదు.

మధ్యాహ్నంనిద్ర

మాకు తెలిసినాయన ఒకరు రేడియేషన్ అయ్యాక కొన్నాళ్ళు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. నిజమేనా?

లైనాక్_పక్కన

కాదు. బయట నుంచి ఇచ్చే రేడియేషన్ మిషను ఆపగానే అయిపోతుంది, మనిషి ఒంట్లో ఏమీ మిగలదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోపెట్టుకోవచ్చు. నేను ఈ మిషన్ల దగ్గర ఫిజిసిస్టుని. ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు.

పనిలో పనిగా ఇంకోటి. గురిపెట్టి కొట్టే మిషన్లలో గామా నైఫ్ గొప్పా, సైబర్‌నైఫ్ గొప్పా, లైనాక్ అనే మామూలు రేడియేషన్ మిషను పనికిరాదా అని కంగారు పడకండి. లార్స్ లెక్సెల్ అనే స్వీడన్ సర్జన్ 1951లో ఈ ఆలోచన రాశాడు, 1968లో మొదటి గామా నైఫ్ వాడారు. దాంట్లో దాదాపు రెండొందల కోబాల్ట్ కిరణాలు ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. ఒక్కో కిరణం బలహీనం, కలిసిన చోటే దెబ్బ. లైనాక్ అదే పనిని తిరుగుతూ చేస్తుంది. దేనికైనా కావాల్సింది సన్నటి ముక్కలుగా తీసిన తాజా ఎమ్మారై, తల కదలకుండా పట్టి ఉంచడం, ఈ పని తరచూ చేసే టీమ్. పాత స్కాన్ మీద ప్లాన్ వేస్తామంటే మాత్రం ఎందుకని అడగండి. వారాల్లోనే మచ్చ మారుతుంది.

మధ్యాహ్నంనిద్ర

పేరులో కత్తి ఉంది, కోత ఏమైనా ఉంటుందా?

లైనాక్_పక్కన

కోత లేదు. తల కదలకుండా ఫ్రేము పెడితే తలకి నాలుగు చోట్ల స్క్రూలు బిగిస్తారు, అక్కడ మత్తు సూది. మాస్కు పద్ధతైతే అదీ లేదు.

తూర్పుగాలి

మా నాన్నకి మేం అసలు రేడియేషనే వద్దనుకున్నాం. ఊపిరితిత్తుల క్యాన్సరే. కాలేయానికి పాకింది, ఎముకలకి పాకింది, మంచం దిగలేడు. తలలో చాలా మచ్చలు. రోజూ స్ట్రెచర్ మీద తీసుకెళ్ళి తీసుకురావాలి. డాక్టరే అన్నారు, దీనివల్ల ఆయనకి కలిసొచ్చేది ఏమీ కనపడటం లేదు అని. స్టెరాయిడ్, నొప్పి మందులు, ఇంట్లోనే.

పాతకాపు

అంటే ఏమీ చెయ్యకుండా వదిలేశారా?

తూర్పుగాలి

ఏమీ చెయ్యలేదా? రాత్రిళ్ళు గంటకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టింది ఎవరనుకున్నారు? రేడియేషన్ ఇప్పిస్తేనే చేసినట్టా?

రేడియేషన్_రెసిడెంట్

పాతకాపు గారూ, ఈ విషయంలో తూర్పుగాలి గారి డాక్టరు గాలిలో చెప్పలేదు. 2016లో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో జరిగిన స్టడీ ఒకటుంది. ఊపిరితిత్తుల నుంచి మెదడుకి పాకి, ఆపరేషన్‌కీ గురిపెట్టే రేడియేషన్‌కీ అనువుగా లేని 538 మంది. సగం మందికి మొత్తం మెదడుకి 20 గ్రే, అయిదు సిట్టింగుల్లో, దాంతోపాటు స్టెరాయిడ్, సేవ. మిగతా సగానికి స్టెరాయిడ్, సేవ మాత్రమే. బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బతుకు నాణ్యతని కలిపి కొలిస్తే సగటున వచ్చిన తేడా 4.7 రోజులు. ఓపిక లేని మనిషికి వద్దనడం కూడా ఆలోచించి చేసే వైద్యమే.

పాతకాపు

నేను తప్పుపట్టాలని అనలేదు తూర్పుగాలి గారూ. మా అన్నయ్య విషయం తలచుకుని నోరు జారింది.

తూర్పుగాలి

పర్లేదండీ.

రాత్రిడ్యూటీ

వార్డు నర్సుని. అందరూ రేడియేషన్ గురించే కొట్టుకుంటున్నారు, అమ్మగారు ఇప్పుడు మింగుతున్న స్టెరాయిడ్ డెక్సామెథసోన్ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను చూసే ఇబ్బందుల్లో సగం దానివే. సాయంత్రం డోసు వేస్తే రాత్రంతా కళ్ళు మూతపడవు. రెండో డోసు మధ్యాహ్నంలోపు వేసుకునే వీలుందా అని అడగండి. షుగర్ లేనివాళ్ళకీ పెరుగుతుంది, చూపించుకోండి. నాలుక మీద తెల్లపొర వస్తే చెప్పండి, అది ఫంగస్, తేలిగ్గా తగ్గుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతే జబ్బు పెరిగిందని హడలిపోకండి, స్టెరాయిడ్ వల్ల తొడ కండరాలు నీరసిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, బాగుందని సొంతంగా ఆపెయ్యొద్దు. మెల్లగా దించాలి.

వానచినుకు

రాత్రి రెండింటికి లేచి అల్మారా సర్దుతోంది అమ్మ. టెన్షన్ వల్ల అనుకున్నా. రెండో మాత్ర రాత్రి భోజనం తర్వాత ఇస్తున్నాం!

రాత్రిడ్యూటీ

అదే మరి. రేపే ఫోన్ చేసి టైం మార్పించుకోండి. ఇంకా అల్మారాతో సరిపెట్టారు, మా వార్డులో ఒకావిడ తెల్లవారుజామున పక్క బెడ్డు వాళ్ళ సంచులు కూడా సర్దేసింది.

వానచినుకు

రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్ఆర్ పాజిటివ్, ఎగ్జాన్ 19 డిలీషన్ అనే రకం మార్పు. మెడికల్ ఆంకాలజిస్టు (క్యాన్సర్ మందుల డాక్టరు) ఓసిమెర్టినిబ్ అనే మాత్ర అన్నారు. ఇప్పుడు మూడో మాట పుట్టింది. అసలు రేడియేషన్ వద్దు, మాత్రతో మొదలుపెట్టి చూద్దాం అంటున్నారు. నాకు తల తిరుగుతోంది.

లెక్కలమాష్టారు

ఇద్దరు డాక్టర్లు, మూడు అభిప్రాయాలు.

మొండిఘటం

మాత్ర పనిచేస్తే భలే పనిచేస్తుంది. నాకు టుకాటినిబ్ అనే మాత్ర కలిపాక తలలో కొత్తవి ఆగాయి.

రేడియేషన్_రెసిడెంట్

ఇది మంచి రిపోర్టు, ముందు అది గుర్తుపెట్టుకోండి. ఓసిమెర్టినిబ్ మెదడులోకి బాగానే చేరుతుంది. లక్షణాలు లేనివాళ్ళలో మాత్రతో మొదలుపెట్టి, దగ్గరగా స్కాన్లు తీస్తూ, రేడియేషన్‌ని వెనక్కి జరపడం ఇప్పుడు ఒప్పుకున్న పద్ధతే. ముందే గురిపెట్టి కొట్టి మాత్ర ఇవ్వడం మేలా, మాత్ర ఒక్కటే చాలా అన్నదాని మీద మా వాళ్ళలోనే వాదనలున్నాయి.

కానీ అమ్మగారికి లక్షణం ఉంది. చెయ్యి పట్టు తప్పింది, పెద్దదాని చుట్టూ వాపుంది, స్టెరాయిడ్ మీద ఆగుతోంది. ఇలాంటప్పుడు నేనైతే పెద్దదాన్ని వదిలేసి మాత్ర ఒక్కదాని మీద వెళ్ళడానికి జంకుతా. చిన్న మూడింటి సంగతి వేరు, వాటిని మాత్రకి వదలొచ్చు, వదలకపోనూవచ్చు. మొత్తం తలకి ఇవ్వాల్సిన అవసరం మాత్రం ఈ రిపోర్టు తర్వాత ఇంకా తగ్గింది, ఎందుకంటే ఇలాంటి జీన్ ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి బతికే అవకాశం ఎక్కువ, అంతకాలం జ్ఞాపకశక్తి అవసరం.

రేడియేషన్ డాక్టరూ మెడికల్ ఆంకాలజిస్టూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, వీలైతే న్యూరోసర్జన్ కూడా. మధ్యలో మీరు కబుర్లు మోయకండి. "మీరిద్దరూ మాట్లాడుకుని ఒక్క మాట చెప్పండి" అని అడగడం మీ హక్కు.

సుజన_ఆర్

అమ్మని ఎవరైనా అడిగారా?

వానచినుకు

అడిగాను నిన్న. "లెక్కలు చూసుకునే బుర్ర ఉండనిస్తే చాలు, మిగతాది మీ ఇష్టం" అంది. ఇంటి పద్దులన్నీ ఇప్పటికీ తనే రాస్తుంది.

లెక్కలమాష్టారు

ఆవిడ నా పార్టీ.

వానచినుకు

డాక్టర్లిద్దరూ మాట్లాడుకున్నారు. నాలుగింటికీ గురిపెట్టి రేడియేషన్, పెద్దదానికి మూడు సిట్టింగులు, చిన్నవాటికి ఒక్కోటి. అవగానే మాత్ర. రెండు నెలలకి ఎమ్మారై. మాస్కు ఈ వారం చేస్తారట. అమ్మకి మూసుకుపోయినట్టుంటే భయం, ఏం చెయ్యాలి?

మొండిఘటం

మాస్కు వలలా ఉంటుంది, చిల్లుల్లోంచి గాలి ఆడుతుంది, చూపు కూడా ఆనుతుంది. చేతికి బజర్ ఇస్తారేమో అడగండి. నాకు కళ్ళు ముందే మూసుకుని పడుకుంటే నయమనిపించింది.

పాతకాపు

భయం ఎక్కువుంటే ముందుగా ఒక చిన్న మాత్ర ఇస్తారు. మా అన్నయ్యకి ఇచ్చారు. అడగండి, మొహమాటపడొద్దు.

లైనాక్_పక్కన

కట్టుడు పళ్ళు ఉంటే మాస్కు చేసే రోజు, రేడియేషన్ రోజు ఒకేలా ఉండాలి, రెండుసార్లూ తీసేసో రెండుసార్లూ పెట్టుకునో. ఈ మధ్యలో జుట్టు కత్తిరించొద్దు, జడ తీరు మార్చొద్దు, మాస్కు వదులవుతుంది. ఇంకోటి, స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బుతుంది. చేసిన మాస్కు తర్వాత బిగుసుకుని నొప్పి పెడితే ఓర్చుకోమనకండి, టెక్నీషియన్‌కి చెప్పించండి, మళ్ళీ చేస్తాం.